రెండు రెక్కల తుమ్మెద

ఆ రోజు నేనేం చూశానని నన్ను ముగ్గురు అడిగారు. అంబులెన్సులో వచ్చిన కుర్రాడు, ఆసుపత్రిలో డాక్టరు, మా అబ్బాయి విశ్వనాథ్. ముగ్గురికీ ఒకే మాట చెప్పాను. తుమ్మెద. బొటనవేలి కణుపంత లావు, నల్లటి ఒళ్లు, వీపు మీద పసుపుపచ్చ నూగు. దాన్ని ఇక్కడ బంబుల్ బీ అంటారని విశ్వం చెప్పాడు.

నాలుగో మనిషి మా కోడలు జాహ్నవి. తను ఏం చూశారని అడగలేదు. "సరిగ్గా చూశారా మామయ్యగారూ?" అంది.

నాకు చురుక్కుమంది. కాకినాడ మెయిన్ రోడ్డులో నలభై రెండేళ్లు వాచీలు బాగుచేసినవాణ్ణి. ఆవగింజలో సగం కూడా లేని మర చేయి జారి పడితే, చాప మీద వెతికి పట్టుకున్న కళ్లు నావి.

"నా కళ్లతో చూశానమ్మా," అన్నాను.



అది 2011 జూలై, అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్లో. నేనూ మా ఆవిడా ఏప్రిల్‌లో వచ్చాం. మా అమ్మాయికి పురిటి సాయానికి ఆవిడ వాళ్లుండే ఫ్రిస్కో వెళ్లింది, నేను విశ్వం దగ్గర ఉండిపోయాను. వాళ్ల ఇంటి వెనక చిన్న పెరడు, చెక్కతో కట్టిన డెక్కు, మా మనవరాలు దేదీప్యకి ఒక ఉయ్యాల ఉండేవి. కంచె పొడుగునా జాహ్నవి పెంచుకున్న పూలమొక్కలు. బాపట్లలో వ్యవసాయం చదివిన పిల్ల తను. ఇక్కడ తన వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఆ మట్టిలోనే పడి, ఊదారంగువీ ఎర్రవీ, నాకు నోరు తిరగని పేర్లవీ ఎన్నో పూయించింది. వాటి మీద పొద్దస్తమానం ఏవో ఒకటి ముసురుతూ ఉండేవి.

ఆ శనివారం మధ్యాహ్నం దేదీప్య ఉయ్యాల ఊగుతోంది. నేను డెక్కు మీద కూర్చుని లాప్‌టాప్‌లో మన పేపరు చదువుకుంటున్నాను. ఉన్నట్టుండి పిల్ల కేక పెట్టింది. పరుగెత్తి వెళ్లేసరికి కాలు పట్టుకుని నేల మీద కూర్చుని ఏడుస్తోంది. గౌను భుజం మీద ఆ పురుగు కూర్చుని ఉంది. నా తువ్వాలు తీసి ఒక్కటి కొట్టాను. అక్కడికక్కడే చచ్చిపడింది.

పది నిమిషాలు కాలేదు, పిల్ల పెదవులు వాచిపోయాయి. ఒళ్లంతా దద్దుర్లు. ఊపిరి తీస్తుంటే గొంతులోంచి ఈల వేసినట్టు చప్పుడు. జాహ్నవి అప్పటికే ఫోనులో అడ్రసు చెబుతోంది. అంబులెన్సు కుర్రాడు వచ్చీ రాగానే తొడకి ఇంజెక్షన్ పొడిచాడు. ఆ హడావుడిలో నేను చేసిన పని ఒక్కటే. చచ్చిన పురుగుని కాగితంతో ఎత్తి, నా బీపీ మాత్రల ఖాళీ సీసాలో వేసి జేబులో పెట్టుకున్నాను. మా వైపు పాము కరిస్తే పామును కూడా పట్టుకురమ్మంటారు డాక్టర్లు. అదే గుర్తొచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు, చీలమండ దగ్గర వాచినచోట ముల్లు మిగల్లేదు కాబట్టి తేనెటీగ కాదన్నాడు. నేను సీసా చూపించాను. ఒకసారి అటు చూసి తలూపి, కంప్యూటర్‌లో బంబుల్ బీ అని ఎక్కించుకున్నాడు. ఆ రాత్రి ఉంచుకుని మర్నాడు పంపించేశారు. ఏ పురుగు విషం పడదో తేల్చే పరీక్ష వెంటనే చేయకూడదట. ఆరు వారాలు ఆగాలి. అందాకా ఎక్కడికి వెళ్లినా ఎపిపెన్ అనే ఇంజెక్షన్లు రెండు వెంట ఉండాలి. ఇంకోసారి కుడితే ఇంతకన్నా ఎక్కువ కావచ్చు అన్నారు.

ఆ చివరి మాట విశ్వాన్ని పట్టుకుంది. ఇంటికి రాగానే బట్టలు కూడా మార్చుకోకుండా పార తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. సాయంత్రానికల్లా కంచె పొడుగునా ఒక్క మొక్క లేదు. వేళ్లతో సహా పీకి, పెద్ద పెద్ద కాగితం సంచుల్లో కుక్కాడు. సంచుల మూతులు నేను పట్టుకున్నాను. జాహ్నవి వంటింటి కిటికీ దగ్గర నిలబడి కాసేపు చూసింది. తర్వాత పిల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

*

తర్వాత అయిదు వారాలు ఇల్లు తలుపులు బిగించుకుని కూర్చుంది. జాహ్నవి నాకు వేళకి కాఫీ ఇచ్చేది, టిఫిను పెట్టేది. మాత్రలు వేసుకున్నారా అని అడిగేది. అంతకుమించి మాట లేదు. కోపంగా ఉందనడానికి నాకు ఏ ఆధారమూ లేదు, లేదనడానికీ లేదు. దేదీప్య అద్దం తలుపుకి ముక్కు ఆనించి ఖాళీ ఉయ్యాల వైపు చూస్తూ ఉండేది. వాళ్లమ్మ లైబ్రరీ నుంచి సంచుల కొద్దీ పుస్తకాలు తెచ్చిపోసింది.

ఆగస్టు ఇరవైన పిల్ల పుట్టినరోజు. తొమ్మిది నిండుతాయి. విశ్వం రెండు ఆదివారాలు పెరట్లో అటూ ఇటూ తిరిగి పరీక్షగా చూశాడు. పూలు లేవు, తుమ్మెదలు లేవు. పుట్టినరోజు పెరట్లోనే చేద్దామన్నాడు. పిల్లలు ఎగిరి గంతులేసే గాలి ఇల్లు ఒకటి అద్దెకి మాట్లాడాడు. ఉయ్యాల పక్కన చదునుగా ఉన్నచోట పెడతారట. పద్నాలుగుమంది పిల్లలు వస్తున్నారు. ఇంట్లోనే చేస్తే సరిపోతుంది కదా అని జాహ్నవి ఒకసారి అంది. పిల్లని ఎన్నాళ్లని లోపల పెడతాం అన్నాడు వాడు. అదీ నిజమే. పిల్ల మీద భయంతో మొక్కలు పీకినవాడూ వాడే, పిల్ల దిగాలుగా ఉంటే చూడలేనివాడూ వాడే.

పుట్టినరోజు శనివారం. గురువారం మధ్యాహ్నం దేదీప్య నా గదిలోకి వచ్చింది. చంకలో పురుగుల పుస్తకం.

"తాతా, మీ బాటిల్‌లో ఉంది కదా. నాకు చూడాలి."

ఎందుకమ్మా అన్నాను.

"నన్ను బైట్ చేసింది అదే కదా. నేను ఒక్కసారి కూడా చూడలేదు."

సీసా ఇవ్వడానికి మనసొప్పలేదు. కానీ భయపడే పిల్ల అడిగే తీరు కాదది. రిపేరుకిచ్చిన తన గడియారాన్ని తిరిగి అడుగుతున్నట్టు అడిగింది. భోజనాల బల్ల దగ్గర కిటికీ వెలుగులో తెల్లకాగితం పరిచి పురుగుని దాని మీదికి వంపాను. నా పెట్టెలోంచి కంటికి బిగించుకునే భూతద్దం, ట్వీజరు తీశాను. అలవాటు కొద్దీ తెచ్చుకున్నానే గానీ, అమెరికా వచ్చాక వాటిని బయటికి తీయడం అదే మొదటిసారి.

ముందు పిల్లకి చూపించాను. చాలాసేపు చూసి, "ఫర్ ఉంది," అంది. తర్వాత, "నీడిల్ ఎక్కడ?" అంది.

అదే వెతుకుదామని నేను వంగాను. అద్దంలోంచి చూస్తే అది వేరే జంతువులా ఉంది. తలంతా కళ్లే. ఎర్రమట్టి రంగు కళ్లు నడినెత్తిన ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. తోక చివర గుండ్రంగా ఉంది. ముల్లుండే చోటు కనిపించలేదు. కుట్టినప్పుడు ఊడిపోయిందేమో అనుకున్నాను. అప్పుడు దేదీప్య పుస్తకంలో వేలు పెట్టి చదివింది.

"బీస్‌కి ఫోర్ వింగ్స్ ఉంటాయంట తాతా. ఫ్లైస్‌కి టూ. దీనికి ఎన్ని?"

రెండే కనబడ్డాయి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. పిల్ల పేజీ తిప్పి తర్వాతి వాక్యం చదివింది. తుమ్మెదల ముందు రెక్కా వెనక రెక్కా చిన్న కొక్కేలతో ఒకదానికొకటి తగులుకుని ఉంటాయట. పైకి ఒకటే రెక్కలా కనిపిస్తాయట.

ఆ మాట వినగానే ఊపిరి తీసుకున్నాను. ఊపిరి తీసుకున్నానని గమనించి సిగ్గుపడ్డాను కూడా. నేను తప్పు చూశానేమో తెలుసుకోవాలని కాదు, తప్పు చూడలేదని తేలాలని అంత ఆత్రపడ్డాను.

కొక్కేలున్నాయో లేవో తేలాలంటే రెక్క ఎత్తి కింద చూడాలి. ట్వీజరు తగిలించానో లేదో ఒక కాలు పుటుక్కున విరిగింది. అయిదు వారాల్లో ఎండి పెళుసైపోయింది. ఇంకొంచెం ముట్టుకుంటే రెక్కలే పొడి అయిపోతాయి. నా పనిలో తొందరపడ్డవాడు మరలు పోగొట్టుకుంటాడు. వానాకాలం అప్పడం మెత్తబడే సంగతి గుర్తొచ్చింది. తడిపిన దూది సీసాలో అడుగున పెట్టి, మీద చిన్న అట్టముక్క వేసి, దాని మీద పురుగుని పెట్టి మూత బిగించాను. రేపు చూద్దామన్నాను. అమ్మకి చెప్పాలా అని అడిగింది దేదీప్య. రేపు చూశాక చెబుదామన్నాను.

శుక్రవారం పొద్దున విశ్వం ఆఫీసుకి వెళ్లాడు. జాహ్నవి వంటింట్లో పార్టీకి కావలసినవి రాసుకుంటోంది. నేనూ పిల్లా మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాం. పురుగు మెత్తబడింది. ఎడమ రెక్కని ట్వీజరు మొనతో మెల్లిగా పైకి లేపాను. దాని కింద రెండో రెక్క లేదు. కొక్కెం లేదు. ఉండాల్సిన చోట సన్నని కాడ మీద గుండుసూది తలంత బొడిపె ఒకటి ఉంది, పాలిపోయిన పసుపు రంగులో. కుడివైపు లేపాను. అక్కడా అంతే.

"ఏదో బొడిపె ఉందమ్మా," అన్నాను.

పిల్ల పుస్తకంలో వెతికింది. "ఫ్లైస్‌కి బ్యాక్ వింగ్స్ ప్లేస్‌లో చిన్న నాబ్స్ ఉంటాయంట. ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ కోసం." ఇంకా చదివింది. కొన్ని ఈగలు అచ్చం తుమ్మెదల్లాగే పుడతాయట. పక్షులు కుడతాయనుకుని భయపడి వాటి జోలికి పోవట. పూల ముందు గాల్లో కదలకుండా నిలబడతాయట. "డిస్గైజ్ తాతా. హాలోవీన్ వేషం లాగా."

నేను అద్దం తీయలేదు. ఒక్కొక్కటే పిల్ల చదువుతుంటే, ఒక్కొక్కటే చూస్తూ పోయాను. తుమ్మెదకి మీసాలు పొడుగ్గా, మధ్యలో వంగి ఉంటాయట. దీనికి నువ్వుగింజల్లాంటి పొట్టి మీసాలు, ఒక్కోదాని మీద ఒక్కో వెంట్రుక. తుమ్మెదకి వెనక కాళ్ల మీద పుప్పొడి మోసుకెళ్లే పళ్లెం లాంటి చోటు ఉంటుందట. దీని కాళ్లు ఉత్తకాళ్లు. మన భాషలో తేనెటీగ, కందిరీగ, జోరీగ, అన్నీ ఈగలే. పేరులో తేడా లేదు కాబట్టి చూపులో తేడా ఎప్పుడూ వెతకలేదు నేను. కానీ నా ముందున్నది నిజంగా ఈగ. ముల్లు ఊడిపోలేదు. దానికి ముల్లే లేదు.

"అయితే ఇది నన్ను బైట్ చేయలేదా?"

"లేదమ్మా. దీనికి కుట్టడం రాదు."

"మరి దీన్ని ఎందుకు చంపారు?"

"తెలీక," అన్నాను.

*

వంటింట్లోకి వెళ్లేసరికి జాహ్నవి తలెత్తి చూసింది. ఏమైనా కావాలా అంది. ఎలా మొదలుపెట్టాలో దారిలో అనుకున్నదంతా పోయింది.

"నేను చూసింది తప్పమ్మా," అన్నాను. "ఆ రోజు నేను కొట్టింది తుమ్మెద కాదు. ఉత్త ఈగ. నువ్వడిగితే నాకు కోపమొచ్చింది గానీ, అప్పుడే ఇంకోసారి చూడాల్సింది."

తను పెన్ను కింద పెట్టి నాతో వచ్చింది. భూతద్దం ఎలా పెట్టుకోవాలో చూపించాను. చాలాసేపు చూసింది. రెక్కలు నేనెత్తి చూపించాను. అద్దం తీసి నా చేతికిచ్చాక, ఏదో ఒక మాట పడుతుందని నిలబడ్డాను. పడాల్సిన మాటే.

"ఇవి మన పూల మీదికి కూడా వచ్చేవి మామయ్యగారూ," అంది. "నేనూ తుమ్మెదలనే అనుకున్నాను."

అంతలోనే తన ముఖం మారింది. కిటికీలోంచి పెరటివైపు చూసింది.

"మరి కుట్టిందేంటి?"

ఆ ప్రశ్న నాకింకా తట్టలేదు. నా తప్పు దగ్గరే ఆగిపోయి ఉన్నాను నేను.

"కుట్టింది చీలమండ దగ్గర," అంది తను మెల్లిగా. "మీరు కొట్టింది భుజం మీద."

పిల్లని లోపలే ఉండమని, అద్దం తలుపు వేసి, ఇద్దరం రెండు కుర్చీలు తీసుకుని పెరట్లోకి వెళ్లాం. ఉయ్యాలకి ఇరవై అడుగుల దూరంలో వేసుకుని కూర్చున్నాం. కదలొద్దంది జాహ్నవి. నాలుగు నెలలుగా ఒకే ఇంట్లో ఉన్నా మేమిద్దరం అలా పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. ఎండ చురచురలాడుతోంది. పావుగంట దాకా నాకేమీ కనబడలేదు. ఏదో ఎగిరితే తను నెమ్మదిగా చెప్పేది. అది సీతాకోకచిలక. అది మామూలు ఈగ. అది తేనెటీగ, పక్కింటి గడ్డిపూల మీదికి పోతోంది. నేను కళ్లు చికిలించి, రెక్కలు లెక్కపెట్టడానికి ప్రయత్నిస్తూ, ఒక్కటీ లెక్కపెట్టలేకపోతూ చూశాను.

ఉయ్యాల గుంజ మొదట్లో అంచుగా పెట్టిన దుంగ ఒకటి ఉంది. ఆ దుంగకీ నేలకీ మధ్య సందులోంచి ఏదో బయటికి వచ్చింది. సన్నటిది, నున్నటిది, నలుపూ పసుపూ చారలది. నూగు లేదు. ఎగిరిపోయింది. దాని వెనకే ఇంకోటి. రెండు లోపలికి వెళ్లాయి.

"జాహ్నవీ," అన్నాను. పేరు పెట్టి పిలవడం కూడా అదే మొదలేమో.

"చూశాను," అంది.

వాచీ చూసుకుంటూ లెక్కపెట్టాను. మొదటి నిమిషంలో పదకొండు. రెండో నిమిషంలో పద్నాలుగు. రాకపోకలు ఆగలేదు. తను మెల్లిగా లేచి, నా మోచేయి పట్టుకుని, వెనక్కి అడుగులు వేస్తూ ఇంట్లోకి తీసుకొచ్చింది. తలుపు గడియ పెట్టింది. అవి ఎల్లో జాకెట్లని చెప్పింది. ఒకరకం కందిరీగలు, నేలలో గూడు కడతాయి. గూడు దగ్గర నేల అదిరితే మీదపడతాయి, ఒక్కొక్కటీ ఎన్నిసార్లయినా కుడుతుంది. జూలైలో చిన్న గూడయి ఉంటుంది. ఇప్పుడు ఎన్ని వందలున్నాయో.

గాలి ఇల్లు పెట్టాలనుకున్న చోటు ఆ దుంగకి అయిదడుగులు.

విశ్వానికి ఫోను చేసింది. వాడి గొంతు నాకూ వినిపిస్తోంది. మీటింగ్‌లో ఉన్నానన్నాడు. కుట్టింది బంబుల్ బీ అని డాక్టరే రాశాడు కదా అన్నాడు. నాన్నకి ఇప్పుడు ఇదొకటి పట్టుకుందా అన్నాడు. నేను ఫోను తీసుకుందామని చేయి చాపాను. తను ఇవ్వలేదు.

"మీరొచ్చి చూడండి," అంది. గొంతు పెంచలేదు. "చూశాక మాట్లాడదాం. చూడకుండా వద్దు."

గంటలో వచ్చాడు. వాణ్ణి నా కుర్చీలోనే కూర్చోబెట్టాం. ఆఫీసు బూట్లతో, మెడలో బ్యాడ్జీతో కూర్చుని అటే చూశాడు. అయిదు నిమిషాల తర్వాత లోపలికి వచ్చి, గాలి ఇంటివాళ్లకి ఫోను చేసి వద్దని చెప్పాడు. ఆ తర్వాత పురుగులు తీసేవాళ్లకి చేశాడు. సాయంత్రం ఒకతను తెల్లటి ముసుగు బట్టలు వేసుకుని వచ్చి, ఏదో పొడి చల్లి, అంతా సద్దుమణిగాక దుంగ లేపి తవ్వాడు. బూడిదరంగు అట్టలా ఉన్న గూడు, ఫుట్‌బాల్ అంత. ఇంకో నెల ఆగితే రెండింతలయ్యేది అన్నాడు. పిల్లలెవరైనా ఇక్కడ ఆడతారా అని అడిగాడు. విశ్వం ఉయ్యాల వైపు చూశాడు.

అతను వెళ్లాక వాడు కంచె వైపు నడిచి, గడ్డి కూడా మొలవని ఆ ఖాళీ మట్టి దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి జాహ్నవి వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. చాలాసేపు మాట్లాడింది తనే. వాడు తలొంచుకుని విన్నాడు.

పుట్టినరోజు ఇంట్లోనే జరిగింది. పద్నాలుగుమంది పిల్లలు సోఫాల మీద గంతులేసి ఒక దీపం విరగ్గొట్టారు. దేదీప్య అందరికీ సీసా చూపించి, మీసాలూ బొడిపెలూ వివరించి, ఇది ఈగ అని చెప్పింది. సగంమంది నమ్మలేదు.

*

ఆగస్టు చివర్లో పరీక్ష చేశారు. చేతి మీద వరసగా చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కలో ఒక్కో విషం అణువంత ఎక్కించారు. పావుగంట తర్వాత ఎల్లో జాకెట్ చుక్క ఒక్కటే దోసగింజంత ఉబ్బింది. తేనెటీగ చుక్క మామూలుగానే ఉంది. ఏం కుట్టిందో మీకెలా తెలిసిందని డాక్టరమ్మ అడిగింది. విశ్వం, నేను ఇద్దరం జాహ్నవి వైపు చూశాం. తను మొదటినుంచీ చివరిదాకా ఇంగ్లీషులో చెప్పింది. ఆమె మధ్యలో ఒకటి రెండు రాసుకుంది. మూడు నుంచి అయిదేళ్లు ఇంజెక్షన్లు తీసుకోవాలి, తర్వాత భయం చాలావరకు తగ్గుతుంది అంది. ఇంట్లో పెట్టి తలుపులేయకండి, మందు వెంట పెట్టుకోండి, దేనికి దూరంగా ఉండాలో పిల్లకి నేర్పండి అంది.

నేర్పడానికి జాహ్నవి ఒక చోటు కనిపెట్టింది. ఊరి చివర పార్కువాళ్లు వదిలేసిన గడ్డిమైదానం, దాని మొదట్లో చిన్న ఆఫీసు. అక్కడ కరోల్ అనే ఆవిడ తుమ్మెదల లెక్క రాస్తుంది. మా సీసా చూసి నవ్వింది. జనం తుమ్మెదలనుకుని పంపే ఫోటోల్లో మూడింట ఒక వంతు ఇలాంటివేనట. రెక్కలెత్తి చూసిందెవరని అడిగింది. జాహ్నవి నన్ను చూపించింది. నేను కంటికి అద్దం పెట్టుకునే సైగ చేశాను. ఫోటోలు వేరు చేయడానికి మనిషి సాయం కావాలని, జీతం ఉండదని కరోల్ అంది. జీతం లేకపోతే తనకి వీసా అడ్డు లేదని జాహ్నవి అంది. ఆ సెప్టెంబరు నుంచి శనివారాలు తను అక్కడికి వెళ్లేది. ఆ రోజు వంట విశ్వానిది. మొదటివారం పప్పు మాడింది.

నేను తిరుగు ప్రయాణమయ్యే వారంలో ఒక శనివారం అందరం వెళ్లాం. మైదానమంతా పసుపుపచ్చ పూల గుత్తులు, మనిషెత్తు గడ్డి. మధ్యలో నడిచే దారి, దారి పక్కన ఒక బెంచీ. జాహ్నవి ముందు నడిచి కరోల్‌తో ఏదో రాసుకుంటోంది. దేదీప్య దారి అంచున ఒక గుత్తి ముందు నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది, వాళ్లమ్మ నేర్పినట్టు. విశ్వం మందు సంచి పట్టుకుని పిల్ల వెనక రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఎప్పుడు లాగేద్దామా అన్నట్టు ఒక చేయి ముందుకే ఉంది.

పిల్ల ఒక్కొక్కటే చెప్పుకుపోయింది.

"ఈగ. పెద్ద కళ్లు. తుమ్మెద, కాళ్లకి పుప్పొడి ఉంది. ఇదీ తుమ్మెద. ఇది ఈగ, గాల్లో ఆగింది చూడు నాన్నా. కందిరీగ."

కందిరీగ అంటూనే తనే వెనక్కి జరిగింది. అది ఎగిరిపోయేదాకా ఆగి, మళ్లీ ముందుకు వెళ్లింది. విశ్వం చేయి కదలలేదు.

అప్పుడు ఇంకోటి వచ్చి వాలింది. నల్లటిది, లావుది, వీపు మీద పసుపు నూగు. గుత్తి లోపలికి తల దూర్చింది. కళ్లు కనబడవు, కాళ్లు కనబడవు. రెక్కలు మూసుకుని ఉన్నాయి. నేను బెంచీ మీదనుంచి మెడ చాపి చూశాను. ఈగే అనిపించింది. నోటిదాకా వచ్చింది. మింగేసి ఊరుకున్నాను.

దేదీప్య తల అటు వంచింది, ఇటు వంచింది. ఒక నిమిషం చూసింది.

"ఇది నాకు తెలీదు," అంది.

అని, రెండడుగులు వెనక్కి వేసి, తుమ్మెదకి ఇవ్వాల్సిన దూరం దానికిచ్చి నిలబడింది. భయపడలేదు. నాన్న వైపు చూడలేదు. అది తల బయట పెడుతుందేమోనని చూస్తోంది, అంతే.

విశ్వం చేయి దించాడు. వచ్చి నా పక్కన కూర్చుని, మందు సంచి మా ఇద్దరి మధ్య పెట్టాడు. చాలాసేపు పిల్ల వీపు వైపు చూశాడు.

"ఇంకో పావుగంట ఉందాం నాన్నా," అన్నాడు.